చెయ్యి పెట్టు సేటూ

పురుగుమందుల సేటు చచ్చిపోయాడని తమ్ముడు వచ్చి చెప్పిన పొద్దున నేను ఇంకో గ్లాసు చాయ్ పోసుకుని తాగాను. చచ్చినవాడి మీద కూడా పగేనా అన్నట్టు వాడు నా మొహంలోకి చూశాడు. "ఏం జూస్తున్నవ్‌రా, సల్లారిపోతది తాగు" అని వాడి గ్లాసు కూడా నింపాను. అవును, పగే. వయసు మీద పడితే మనుషులు మెత్తబడతారంటారు. నేను మెత్తబడలేదు. నన్ను ఎవరు ఎక్కడ నిలబడి ఏమన్నారో ఇవాళ్టికీ పొల్లుపోకుండా చెప్పగలను. అందులో ఒక్కటి కూడా మాఫీ చేయలేదు.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. డెబ్బయ్యో దశకం సగంలో నన్ను బోథ్ పక్కన ఒక ఊరికిచ్చారు. ఏడో తరగతి దాకా చదివినదాన్ని, నోరున్నదాన్ని. పుట్టింట్లో వరి, పసుపు చూసి పెరిగిన నాకు అక్కడి నల్లరేగడి, నడుమెత్తు పత్తి కొత్త. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. ఇంట్లో అత్త, ఆమెకున్న ఒక్క కొడుకు. మా ఆయన మాట తక్కువ మనిషి. నవ్వితే మాత్రం ముందు పళ్ళ మధ్య సందు కనబడి పసిపిల్లాడిలా ఉండేవాడు. ఆ నవ్వుకే నేను పడిపోయాను, ఎందుకు దాచాలి!

అప్పుడప్పుడే ఆ వైపు పత్తికి మందు కొట్టడం మొదలవుతోంది. సేటు బోథ్‌లో కొట్టు పెట్టాడు గాని రైతులు దగ్గరికి రావడానికి జంకేవారు. ఎండ్రిన్ తాగి చచ్చినవాళ్ళ సంగతి అందరూ విన్నదే. తాగితే చచ్చేదాన్ని చేనంతా చల్లమంటే ఎవరికి మనసొప్పుతుంది? ఆ భయం పోగొట్టడానికి సేటుకు ఒక మనిషి కావలసి వచ్చాడు. మా ఆయన దొరికాడు.

అంగడి రోజున కొట్టు ముందు బకెట్ నిండా నీళ్ళు పెట్టించి, అందులో మందు పోయించేవాడు సేటు. నీళ్ళు పాలలా తెల్లబడేవి. మా ఆయన చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, ఆ తెల్లటి నీళ్ళలో చెయ్యి ముంచి గిరగిరా కలిపేవాడు. "సూడుండ్రి! గీ చెయ్యి సూడుండ్రి! ఏమన్న అయిందా? పురుగే సస్తది, మనిషికేం గాదు" అని సేటు అరిచేవాడు. మా ఆయన తడిచేయి పైకెత్తి నలుగురికీ చూపించి నవ్వేవాడు. జనం కదిలి కొట్టు వైపు నడిచేవారు. సేటు ఎప్పుడూ పై మెట్టు మీదే నిలబడేవాడు. బకెట్ దగ్గరికి దిగిరావడం నేనొక్కసారి కూడా చూడలేదు. పెద్ద మనిషి గదా, మెట్టు దిగుతాడా అనుకున్నాను. నా బుద్ధి అంతే ఉండె.

ప్రతి పంటకు ఒక కొత్త తువ్వాల కప్పి, "మా తమ్మి, నా సొంత తమ్మి" అని మా ఆయన భుజం తట్టేవాడు సేటు. అన్నదమ్ములు లేని మనిషి, ఆ పిలుపుకు ఉబ్బిపోయేవాడు. మా చేనే కాదు, ఏ ఊళ్ళో ఎవరు పిలిచినా పంపు వీపుకేసుకుని పోయేవాడు. ఎండకు చొక్కా విప్పేసి కొట్టేవాడు. గాలి ఎదురు తిరిగి మందు ఒంటి మీద పడితే తుడుచుకుని మళ్ళీ కొట్టేవాడు. పంపు మూతిలో నలుసు అడ్డం పడితే నోట పెట్టి ఊదేవాడు. ఆ చేత్తోనే బీడీ, ఆ చేత్తోనే అన్నం. ఇంటికొస్తే ఆ వాసన ముందు గడప దాటేది, తర్వాత మనిషి.

ఖాళీ అయిన డబ్బాలు అత్తకు పండగ. గట్టి రేకు, బిగుతు మూత. బూడిద, ఇసుక పెట్టి తోమి, ఒకదాంట్లో బెల్లం, ఒకదాంట్లో పప్పు పోసేది. చేనుకు నీళ్ళు కూడా దాంట్లోనే పంపేది. "గింత మంచి డబ్బ పైసలు వెట్టినా దొర్కదు" అని వాడకట్టంతా చూపించేది. ఆ నీళ్ళు ఆయనా తాగాడు, నేనూ తాగాను.

ఆ ఊళ్ళో విత్తనం ఆడవాళ్ళే పెడతారు. మిరుగం పడ్డాక, అంటే మృగశిర కార్తెలో తొలివాన కురిశాక, మగవాడు అరక కట్టి సాలు దున్నుతుంటే వెనకాల ఇంటి కోడలు ఒడిలో గింజలు కట్టుకుని సాలులో వేస్తూ పోతుంది. మొదటి రెండేళ్ళు నేనే వేశాను. మూడో మిరుగానికి నేను గింజలు కట్టుకుని చేనులోకి దిగబోతుంటే అత్త నలుగురి ముందు నా కొంగు ముడి విప్పింది. గింజలు తన చాటలోకి ఒంపుకుంది.

"నీ చెయ్యి పడితే గింజ మొల్వదే పిల్లా. కడుపు పండినదాని చెయ్యి పడాలె" అంది.

పక్కింటి పిల్లలతల్లిని పిలిచి ఆమె ఒడిలో పోసింది. నేను గట్టు మీద నిలబడ్డాను. మా ఆయన అరక మేడి పట్టుకుని ముందుకు పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అలా పదేళ్ళు, పది మిరుగాలు, నేను గట్టు మీదే నిలబడ్డాను. గొడ్రాలు అన్న మాట మొదట్లో చాటున అనేవారు. తర్వాత ఎదుటే అన్నారు. పసిపిల్లల్ని ఉయ్యాలలో వేసే తొట్టెల పేరంటాలకు నన్ను పిలవడం మానేశారు. పిలిచినా వెనక వరసలో కూర్చోబెట్టేవారు. ఊళ్ళో బాల్వాడీ పెడితే టీచరు పని నాకొచ్చింది, నలభై మంది పిల్లలకు ముక్కులు తుడిచాను. వాళ్ళ తల్లులే పొద్దున లేచి నా మొహం చూస్తే దరిద్రమనేవారు. వాళ్ళ నోట్లో మన్ను పడ!

ఏటా వేములవాడ పోయేవాళ్ళం. రాజన్నకు కోడె మొక్కు. ఆలుమగలిద్దరూ పలుపు పట్టుకుని కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేయాలి, అప్పుడు కడుపు పండుతుందని నమ్మకం. ఒక యేడు మా ఆయన చేయి పలుపు మీద పడగానే కోడె మెడ తిప్పుకుని బుస్సుమంది. ముక్కు ఆయన అరచేయి దగ్గరికి తెచ్చి వాసన చూసి, ముందుకాళ్ళు తన్నిపెట్టి కదలనంది. మూడుసార్లు లాగారు. నేనొక్కదాన్ని పట్టుకుంటే చక్కగా నడిచింది. అంతా చూస్తూనే ఉన్న అత్త, "నీ పాపానికే రాజన్న కోడెను ఆపిండు" అని గుడిముందే నెత్తి కొట్టుకుంది. పశువుకు తెలిసింది మాకు తెలియలేదు. ముందటి రోజు దాకా ఆయన మందు కొడుతూనే ఉన్నాడు. ఎంత తోమినా ఆ వాసన గోళ్ళలోంచి పోయేది కాదు.

పన్నెండో యేడు అత్త తేల్చి చెప్పింది. తన అన్న మనవరాలు ఒకతి ఉంది, మిరుగం దాటగానే కొడుక్కి ఆ పిల్లను చేస్తుంది. "నువ్వేం ఫికర్ వడకు, నీకు గింత బువ్వ వెడ్తం. పశులకొట్టం పక్కన అర్ర ఉన్నది" అంది. మా ఆయన తల వంచుకుని బీడీ ముట్టించాడు. ఆ రాత్రి కాదు, ఆ నిమిషమే నా మనసులో ఏదో గట్టిబడింది. ఈ ఇంట్లోంచి గొడ్రాలుగా మాత్రం కదలనని ఒట్టు పెట్టుకున్నాను.

నన్ను కన్న అవ్వకు పాణం బాగాలేదని చెప్పి పుట్టింటికి పోయాను. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. అన్నీ చూసి, "నీలో ఏ లోపం లేదమ్మా. మీ ఆయనను తీసుకురా" అంది. పన్నెండేళ్ళలో ఎవరూ ఆయనను తీసుకురమ్మనలేదు! అవ్వ చావుబతుకుల్లో ఉందని కబురు పంపించి రప్పించాను. వచ్చాక డాక్టరు దగ్గరికి రానన్నాడు. "రాకుంటే నేను గీడ్నే ఉంట, మీ అవ్వకు నువ్వే చెప్పుకో" అన్నాను. వచ్చాడు.

పరీక్ష చేసిన కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "బీజం లేదు. లేనట్టే. ఏం పని చేస్తాడు?" అని అడిగింది. చెప్పాను. బకెట్ సంగతి, పంపు సంగతి, నోటితో ఊదే సంగతి అన్నీ చెప్పాను. ఆమె చాలాసేపు ఆయన చేతుల వైపే చూసింది.

"కొన్ని మందులు మగవాళ్ళ బీజాన్ని చంపుతాయని చదివాను. ఇతనికి దానివల్లే అయిందని నేను కాగితం మీద రాసివ్వలేను. కాని ముందు ఆ పని మాన్పించు. మందు కొట్టేవాళ్ళ ఇళ్ళల్లో కడుపులు నిలవకపోవడం, పిల్లలు అవిటిగా పుట్టడం ఉందేమో మీ ఊళ్ళో చూసుకో" అంది.

బస్టాండుకు నడిచేటప్పుడు ఆయన ఏడ్చాడు. నాకూ జాలేసింది, అబద్ధమెందుకు! కాగితం నువ్వే పట్టుకో, మీ అవ్వకు నువ్వే చెప్పమని ఆయన జేబులోనే పెట్టాను. నేను చేసిన తప్పు అది. మేం డాక్టరు దగ్గరికి పోయిన సంగతి ఎవరో చేరేశారు, ఇంటికి పోగానే అత్త ఎదురొచ్చి డాక్టరు ఏమన్నదని అడిగింది. ఆయన కాళ్ళు కడుక్కుంటూ, "డాక్టర్ దీనికే మందులు రాసిచ్చింది. లాభం లేదన్నది" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. కాగితం ఎక్కడుందని తర్వాత నిలదీస్తే, నిర్మల్‌లో బస్సు ఆగినప్పుడు చింపి పారేశానన్నాడు.

"మగోనికి ఇజ్జత్ పోతే ఏముంటదే?" అన్నాడు.

"నా ఇజ్జత్ పదేండ్లు గట్టు మీద నిలబడ్డది. గది నీకు కండ్లవడలేదా?" అన్నాను.

ఆయన్నప్పుడు చంపేయాలనిపించింది. నిజంగానే అనిపించింది. చంపలేదు, అంతే.

డాక్టరమ్మ మాట మనసులో తిరుగుతూనే ఉంది. సేటు కొట్టు మందు చేలల్లో కొట్టేవాడు ఇంకొకడు మా ఊళ్ళో ఉన్నాడు. వాళ్ళింటికి పోయాను. వాడి పెళ్ళానికి మూడు కడుపులు పోయాయి. నాలుగోసారి పుట్టినవాడు రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టాడు. నాలుగేళ్ళవాణ్ణి ఇంకా చంకలో మోస్తోంది. వాడు మా బాల్వాడీకే వచ్చేవాడు, అన్నాళ్ళూ నేను వాడి ముక్కు తుడిచానేగాని వాడి అయ్య ఏం పని చేస్తాడని ఆలోచించలేదు. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. ఆమె కుంపటి ముందు కూర్చుని వింటూ, "మా అత్త నేను గ్రహణంల బైటికొచ్చిన అన్నదక్కా. అందుకే గిట్ల పుట్టిండన్నది" అంది. తర్వాత ఇద్దరం చాలాసేపు సేటును, సేటు ముందు తరాలను, వెనక తరాలను తిట్టుకున్నాం.

తిట్లతో అయ్యేదేముంది? మిరుగం ఇంకా నెల లేదు. ఒకరోజు సల్ల చిలికి, చేనులో కూలీలకు పంపడానికి పలచగా చేసి బకెట్‌లో పోశాను. పక్కింటామె వాకిట్లోంచి తొంగిచూసి, "ఏందక్కా, గిప్పుడేం మందు? పత్తే పెట్టకపోతిరి" అంది. నేను బకెట్‌లోకి చూశాను. అచ్చం అదే తెలుపు. నాకు నవ్వొచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత కడుపారా నవ్వాను.

అప్పుడే సేటు కొడుక్కి కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో నాడు తొట్టెల. తమ్మి ఇంటివాళ్ళం కాబట్టి మమ్మల్ని అత్తతో సహా పిలిచాడు. మా ఊళ్ళో రైతుల్నందర్నీ పిలిచాడు. మధ్యాహ్నం, కొట్టు వెనకాల వాళ్ళ ఇంటి ముందు పందిరి. తొట్టెలకు బంతిపూలు, లోపల పిల్లాడు. సేటు తొట్టెల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళంతా బియ్యం, బట్టలు, వెండి మొలతాడు పట్టుకొచ్చారు. నేను బకెట్ పట్టుకుపోయాను. మా ఆయన పంపు తుడిచే గుడ్డపేలికను దాని పిడికి చుట్టాను. ఆ వాసన తెలియని ముక్కు ఆ పందిట్లో ఒక్కటి లేదు.

గొడ్రాలు తొట్టెల దగ్గరికి పోతోందని ఆడవాళ్ళు గుసగుసలాడారు. అత్త నా కొంగు పట్టి లాగింది. విడిపించుకుని పోయి బకెట్ తీసి సేటు కాళ్ళ ముందు పెట్టాను.

"చెయ్యి పెట్టు సేటూ" అన్నాను.

"ఏందిది?" అన్నాడు. మొహం పాలిపోయింది.

"నీ మందే. పన్నెండేండ్ల సంది నా మగనితోని కలిపించినవ్. మనిషికేం గాదంటివి. నీ మనుమని తొట్టెల నాడు ఒక్కపారి నువ్వు గలుపు. నలుగురు సూత్తరు."

సేటు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "తమ్మీ, నీ పెండ్లానికి పిచ్చి లేసిందా? జర తీస్కపో" అన్నాడు. మా ఆయన లేచాడు. తీసుకుపోవడానికి లేచాడనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను. కాదు, వచ్చి బకెట్ ముందు నిలబడి చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టాడు! సేటు పరువు కాపాడటానికి, అంతమంది ముందు ఎప్పటిలాగే తానే చెయ్యి పెట్టడానికి. నా పగంతా ఈ మనిషే మళ్ళీ బుగ్గిపాలు చేస్తున్నాడనుకున్నాను.

బకెట్ కాలితో ఇంకాస్త ముందుకు, తొట్టెల దాకా జరిపాను. సేటు కుర్చీ వెనక్కి పడేలా లేచి, రెండు చేతులూ తొట్టెలకు అడ్డం పెట్టాడు.

"దూరం తియ్! దూరం తియ్! పసిపోరడున్నడు! గా వాసన గూడ తగులద్దు!"

మా ఆయన చేతులు ఆగిపోయాయి. ఒక చెయ్యి మోచేతి దాకా మడిచి ఉంది, రెండోది మడత మధ్యలో ఉంది. సేటు వైపు చూశాడు. నేను పన్నెండేళ్ళు ఆ మనిషితో కాపురం చేశాను, అలాంటి చూపు అంతకుముందు చూడలేదు.

"పసిపోరనికి తగులద్దా సేటూ?" అన్నాడు నెమ్మదిగా. "నీకు ఎరికేనా? ఎన్నేండ్ల సంది ఎరిక?"

వెనక వరసలోంచి మూడు కడుపులు పోయిన ఆమె లేచింది. చంకలో కొడుకు. వాడి పాదాలు రెండూ ముందుకు పట్టుకుని చూపిస్తూ, "నా పోరనికి గూడ గిట్ల అడ్డం నిలబడకపోతివి గదనే సేటూ!" అని పందిరి అదిరేలా ఏడ్చింది. నేను వంగి, రెండు చేతులా ఆ తెల్లటిది దోసెడు తీసుకుని తాగాను. అత్త కెవ్వుమంది. సల్ల అని అందరికీ అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. సల్లలో చెయ్యి పెట్టడానికి భయపడి సేటు కుర్చీ తన్నేసి లేచాడన్నమాట.

అప్పుడు మా ఆయన మాట్లాడాడు. తల్లి వైపు తిరిగి, అంతమంది ముందు, "అవ్వా, దోషం దాంది గాదు. నాది. డాక్టర్ కాయిదం ఇచ్చింది, నేనే చింపి పారేసిన" అన్నాడు. అని పందిరి గుంజ పట్టుకుని కూలబడ్డాడు.

సేటు కొట్టు మూతపడలేదు. రైతులు మందు కొనడం మానలేదు, పురుగు ఊరుకుంటుందా మరి! కాని బకెట్‌లో చెయ్యి పెట్టే మనిషి ఆ సేటుకు మళ్ళీ దొరకలేదు. కొన్నాళ్ళకు ఆదిలాబాద్ పోయి కొట్టు పెట్టుకున్నాడు, బాగానే బతికాడు. ముసలివాడై మంచం మీద చచ్చాడు. నాకు ఇంకా ఏదో బాకీ ఉన్నట్టే ఉంటుంది.

రెండో పెళ్ళి మాట మళ్ళీ రాలేదు. మిరుగం పడ్డ రోజున అత్త చాటలో గింజలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "కొంగు వట్టు బిడ్డా" అంది. పన్నెండేళ్ళలో మొదటిసారి బిడ్డా అంది. నేను కొంగు పట్టలేదు.

"నీ కొడుకు ఒడి వట్టుమను. నేను అరక దున్నుత" అన్నాను.

ఆడది మేడి పట్టడం, మగవాడు గింజలు వేయడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. గట్ల మీద జనం నిలబడ్డారు. మా ఆయన తువ్వాలలో గింజలు కట్టుకుని నా వెనకాల ఒక్కో సాలూ నడిచాడు. ఒక్కసారి నేను వెనక్కి తిరిగి చూస్తే, గింజ వేసే ముందు చేతులు పంచెకు తుడుచుకుంటున్నాడు. ప్రతి గింజకూ తుడుచుకుంటున్నాడు. అయినా అరక ఆపలేదు, ఎనిమిది ఎకరాలూ ఆయనతోనే వేయించాను.

గింజలు బాగా మొలిచాయి. ఆ యేడు మా చేనుకు చుక్క మందు కొట్టనివ్వలేదు. పంపు తీసి ఊరవతల పాడుబడ్డ బావిలో పారేశాను. కాయ పట్టే వేళకు పచ్చపురుగు పడింది. చేను సగానికి సగం తినేసింది. అత్త గట్టు మీద కూర్చుని, పంటంతా పోతోంది, నువ్వు మనిషివేనా అని గుండెలు బాదుకుంది.

"తిననియ్ అత్తా" అన్నాను. "పురుగుకైన పిల్లలు కానియ్."